మీకు తెలుసా? ఎడారి కింద మంచు మ్యాపు!

ఒమన్‌లో ఖురయ్యాత్ అనే ఊరుంది. 2018 జూన్‌లో ఒక రోజంతా అక్కడ వేడి 42.6 డిగ్రీల కన్నా దిగనే లేదు! అర్ధరాత్రి కూడా! గళ్ల గళ్ల ఆర్‌పీజీ గేముకి మంచు మ్యాపు గీస్తున్నారా? ముందు ఈ దేశాన్నే చూడండి. వేళాకోళం కాదండోయ్!

హుక్ఫ్ ప్రాంతంలో వాదీ అల్ ఖ్లాతా దగ్గర ఒక నున్నటి రాతి నేల ఉంది. దాని మీద బారుగా, పక్కపక్కనే గీతలు! గీసింది ఎవరు? హిమానీనదం! దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట. మంచు అడుగున రాళ్లు ఇరుక్కున్నాయి. అది కదిలినకొద్దీ కొబ్బరి కోరులా నేలని గీరేసింది! అందుకే మీ మ్యాపులోనూ గీతలు ఇష్టమొచ్చినట్టు చల్లకండి. అన్నీ ఒకే వాలులో లాగండి. మంచు ఎటు నడిచిందో ఆడేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది!

మంచుకి కొత్త బొమ్మలు గీయాలా? అక్కర్లేదు! పాత ఫ్యామికామ్ గేముల్లో ఒక్కో టైలుకి, అంటే గడి బొమ్మకి, 4 రంగులే. ఇసుక దిబ్బ టైలు తీసుకోండి. రంగులు మార్చండి. మంచు దిబ్బ రెడీ!

అసలు తలనొప్పి మంచు, నేల కలిసే అంచులతోనే. మంచు గడి చుట్టూ 8 గళ్లు. ఎక్కడ మంచు, ఎక్కడ నేల అని లెక్కేస్తే 256 రకాలు! అన్నీ గీస్తారా? 47 చాలు! మూల గడికి ఆనుకున్న రెండు పక్కలా మంచుంటేనే ఆ మూల లెక్కలోకొస్తుంది. లేదంటే అదున్నా లేకున్నా ఒకటే. ఎంత కిటుకో చూశారా!

1999లో వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆడారా? అందులో ఐస్ పాత్ గుహ గుర్తుందా? అడుగేస్తే జారుడే! బండ అడ్డొచ్చేదాకా ఆగరు. అంటే అక్కడ పజిల్ మంచుది కాదు, బండలది!

జబల్ అఖ్దర్ కొండల్లో ఇంకా పాత మంచు గుర్తులున్నాయి. అక్కడి ఘుబ్రా లోయలోని ఆ రాళ్ల వయసు దాదాపు 71 కోట్ల ఏళ్లు! ఆ లోయలోనే వకాన్ ఊరు. ఇప్పుడక్కడ ఆప్రికాట్ పూలు పూస్తాయి!

ఇది వింటే నోరెళ్లబెడతారు. ఆ 30 కోట్ల ఏళ్ల నాటి మంచు వదిలి వెళ్లిన ఇసుక, గులకరాళ్ల పొరల్లో చమురుంది! దక్షిణ ఒమన్‌లోని మర్మూల్ చమురు క్షేత్రాన్ని 1956లోనే కనిపెట్టారు. హిమానీనదం మోసుకొచ్చిన సరుకులోంచి చమురు!

మనకేమిటి సంబంధమంటారా? గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలకి అడుగున తాల్చేరు రాళ్లున్నాయి. అవీ ఆ 30 కోట్ల ఏళ్ల నాటి మంచు యుగానివే! అప్పట్లో ఒమన్, తెలంగాణ ఒకే మహాఖండంలో ఉండేవి. ఆ లోయలోని ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. మీ గేములో తర్వాతి మంచు లెవెల్‌కి ఇల్లందు అని పేరు పెట్టేయండి, ఎవరూ కాదనలేరు!