కామారెడ్డి ఓటు, బీసీ-ఈ చిట్టా

2023 డిసెంబర్ 3న కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డి ఒకే చోట ఓడిపోయారు. 6,741 ఓట్ల ఆధిక్యంతో బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. విదేశాల్లో ఉన్నవాళ్లం దీన్ని మతం తెచ్చిన గెలుపని తేలిగ్గా అనేసుకుంటాం. కానీ ఊళ్లోవాళ్లకు అంతకుముందు చలికాలంలో మాస్టర్‌ప్లాన్ మీద రైతులు చేసిన ఆందోళన గుర్తుంది. పంటపొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపిన ఆ ముసాయిదాను మున్సిపాలిటీ చివరికి వెనక్కి తీసుకుంది. ఆ రైతుల వెంట నిలబడ్డ పేరు వెంకటరమణారెడ్డికి ఉంది. అదే రోజు పక్కనున్న ఎల్లారెడ్డి కాంగ్రెస్ అభ్యర్థి మదన్‌మోహన్‌రావును గెలిపించింది. బాన్సువాడ బీఆర్ఎస్‌తోనే ఉండిపోయింది. ఒకే జిల్లా, మూడు పార్టీలు!

ఇదే కామారెడ్డి 1989లో, మళ్లీ 2004లో మహమ్మద్ అలీ షబ్బీర్‌ను శాసనసభకు పంపింది. ముస్లింలు తక్కువగా ఉన్న నియోజకవర్గం అది. ఓటర్లు మతం చూసే ఓటేస్తారన్న మాట మా ప్రాంతానికి సరిపోదని నేను గట్టిగా నమ్మేది అందుకే.

మతం అధికారంలోకి వచ్చే దారి ఇంకొకటుంది. అది చట్టంలో రాసే జాబితా. 2004లో షబ్బీర్ అలీ మంత్రిగా ఉన్న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదని హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2005లో చట్టం చేస్తే అదీ నిలవలేదు. రాజ్యాంగం 15(4), 16(4) అధికరణాల్లో అడిగేది వెనుకబాటుతనం. ఒక మతం వాళ్లందరూ వెనుకబడ్డారని చెప్పాలంటే రుజువు కావాలి. అప్పుడు విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం చేసి ఇచ్చిన నివేదిక ఆధారంగా 2007లో 4 శాతంతో బీసీ-ఈ అనే ముస్లిం వెనుకబడిన వర్గాల చిట్టా వచ్చింది.

ఆ చిట్టా చదవాలి. అత్తరు సాయబులు, ఫకీర్లు, ముస్లిం చాకలి, మంగలి, గారడీవాళ్లు, గుడ్డి ఎలుగువాళ్లు, ఖురేషీలు. ఎక్కువ భాగం చేసే పనుల పేర్లే. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివాళ్లకు అందులో చోటు లేదు. దూది ఏకే దూదేకులవాళ్లు అంతకుముందే బీసీ-బీలో ఉన్నారు. అయితే షేక్ అన్న పేరు కూడా ఆ చిట్టాలోనే ఉంది. అది ఒక పనివాళ్ల పేరు కాదు, ఎందరో పెట్టుకునే పేరు. అక్కడ నాకూ సందేహమే. ఆ సందేహాన్ని లెక్కలతో తీర్చాలి, సభల్లో కేకలతో కాదు.

పార్టీలు చేసింది వేరు. 2017 ఏప్రిల్‌లో కేసీఆర్ ప్రభుత్వం ఆ 4 శాతాన్ని 12కు పెంచే బిల్లు శాసనసభలో నెగ్గించింది, అది అమలుకు రాలేదు. అధికారంలోకి వస్తే ముస్లిం రిజర్వేషనే తీసేస్తామని 2023లో బీజేపీ చెప్పింది. అదే ఏడు నవంబర్ 10న కాంగ్రెస్ బీసీ డిక్లరేషన్ ప్రకటించింది కామారెడ్డిలోనే. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం అందులోని మాట. 2025లో ప్రభుత్వం వెల్లడించిన కులసర్వేలో మొత్తం జనాభాలో బీసీలు 56.33 శాతం, అందులో ముస్లిం బీసీల వాటా జనాభాలో 10.08 శాతం. ఆ పది శాతం చుట్టూనే గొడవంతా తిరిగింది. దూదేకుల ఇంటి పిల్ల గురించి మాట్లాడాల్సిన చోట హిందువు, ముస్లిం అన్న మాటలే వినిపించాయి.

మతాన్ని ఎన్నికలకు దూరంగా ఉంచే ఇంకో పద్ధతి అమెరికాలో ఉన్నవాళ్లకు తెలుసు. పన్ను మినహాయింపు పొందే గుళ్లూ చర్చీలూ ఎన్నికల్లో అభ్యర్థుల పక్షాన ప్రచారం చేయరాదని 1954 నుంచి అక్కడి చట్టం చెబుతోంది. మన దగ్గర ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్ మతం పేరుతో ఓటు అడగడాన్ని తప్పంటుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు 4–3 మెజారిటీతో చెప్పింది. కానీ రిజర్వేషన్ ఇస్తామన్నా, తీసేస్తామన్నా ఈ సెక్షన్ సులభంగా అడ్డుపడదు. అది విధానం గురించిన మాట.

ఇక బీసీ-ఈ చట్టం సంగతి. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని తాత్కాలికంగా కొనసాగనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ తాత్కాలిక ఉత్తర్వు మీదే కాలేజీల్లో సీట్లు నిండుతూ వచ్చాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కు వచ్చారు.