నగర బృహత్ ప్రణాళిక: అపోహలు – వాస్తవాలు

రానున్న ఇరవై, ముప్పై ఏళ్లలో నగరం ఏ దిక్కుకు ఎంత మేర విస్తరించాలో, ఆ విస్తరణకు కావలసిన నీరు, దారులు, ఖాళీ స్థలాలు ఎక్కడ సమకూరాలో ముందుగా నిర్ణయించే చట్టబద్ధమైన పత్రమే బృహత్ ప్రణాళిక. వాడుకలో దీన్ని మాస్టర్ ప్లాన్ అంటున్నారు. దేశంలో ఈ తరహా ప్రణాళికకు తొలినాటి ప్రముఖ ఉదాహరణ 1962లో అమల్లోకి వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లాన్. తెలుగు నేలపై ఈ పని 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంతో ఊపందుకుంది. ఇన్నేళ్లు గడిచినా, ప్రతి కుటుంబం ఆస్తినీ తాకే ఈ పత్రం చుట్టూ అపోహలు తొలగలేదు.

అపోహ: మాస్టర్ ప్లాన్ అంటే రంగులు వేసిన పటం.

వాస్తవం: నివాసాలకు పసుపు, పరిశ్రమలకు ఊదా, ఉద్యానాలకు ఆకుపచ్చ వంటి రంగులతో కనిపించే భూవినియోగ పటం ప్రణాళికలో ఒక భాగం మాత్రమే. దానికి ఆధారంగా జనాభా అంచనాలు, ఉపాధి, గృహవసతి, రవాణా, మంచినీరు, మురుగునీటి పారుదల, వారసత్వ కట్టడాలు, విపత్తుల ముప్పు మొదలైన అంశాలపై అధ్యయన నివేదిక ఉంటుంది. పటంతో పాటే జోనింగ్ నిబంధనలు, అంటే ఏ మండలంలో (జోన్‌లో) ఏయే కట్టడాలను అనుమతించాలో, వేటిని నిషేధించాలో చెప్పే నియమాలు కూడా ఉంటాయి. పటంలో రంగు ఒక్కటే చూసి స్థలం కొన్నవారు నివాస మండలంలో సైతం రోడ్డు వెడల్పును బట్టి భవనం ఎత్తు మారుతుందన్న సంగతి అనుమతికి వెళ్లినప్పుడే తెలుసుకుంటున్నారు.

అపోహ: ఇది రోడ్లు, ప్లాట్ల కోసం వేసే ప్రణాళిక.

వాస్తవం: ఎక్కడ కట్టాలో చెప్పడం ఎంత ముఖ్యమో, ఎక్కడ కట్టకూడదో చెప్పడం అంతకన్నా ముఖ్యం. 1908 నాటి మూసీ వరదల తర్వాత హైదరాబాద్ రక్షణకు నిర్మించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చిలో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. అది 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. తర్వాత రూపొందిన మహానగర ప్రణాళిక ఆ ప్రాంతాన్ని జీవ పరిరక్షణ మండలంగా గుర్తించింది.

చెరువుల విషయంలో ఈ నిషేధం మరింత సూక్ష్మంగా ఉంటుంది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు పరుచుకునే హద్దును పూర్తి నీటిమట్టం లేదా ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్ల మేర బఫర్‌గా, అంటే కట్టడాలు లేని రక్షణ పట్టీగా వదలాలి. వేసవిలో ఎండి మైదానంలా కనిపించే శిఖం భూమిని, అంటే చెరువు ముంపు భూమిని, ప్లాటుగా కొన్న కుటుంబం, వానాకాలంలో ముంగిట్లోకి నీరు వచ్చాకే ఈ హద్దుల విలువ గ్రహిస్తుంది.

అపోహ: ప్లాన్‌లో గీత పడితే భూమి పోయినట్టే.

వాస్తవం: పటంలో రోడ్డు గీతో, పరిశ్రమల రంగో పడినంత మాత్రాన యాజమాన్యం మారదు. ప్రభుత్వం ఆ భూమిని సేకరించాలంటే 2013 నాటి భూసేకరణ చట్టం కింద ప్రత్యేక ప్రక్రియ నడపాలి, నష్టపరిహారంపై నూరు శాతం సొలేషియం, అంటే ఊరట మొత్తం, కలిపి చెల్లించాలి. లేదా యజమాని అంగీకారంతో బదలాయింపు నిర్మాణ హక్కును, అంటే వదులుకున్న స్థలానికి బదులుగా మరోచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కును (టీడీఆర్‌ను) ఇవ్వాలి.

అలాగని రైతుల భయాన్ని అమాయకత్వంగా కొట్టివేయడం అన్యాయం. భూమి చేతిలోనే ఉన్నా, ప్రతిపాదిత రోడ్డు పడిన మేర ఇంటి అనుమతి రాదు, మండలం మారితే అమ్మకపు ధర పడిపోతుంది. కామారెడ్డి పురపాలక సంఘం మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పంట భూములను పారిశ్రామిక మండలంలో చూపినప్పుడు రైతులు ఆందోళనకు దిగింది ఈ నష్టాన్ని ఎరిగే. 2023 జనవరిలో ఆ ముసాయిదాను రద్దు చేయాలని పురపాలక పాలకవర్గం తీర్మానించింది. ముసాయిదా అంతిమ తీర్పు కాదని ఈ ఉదంతం తేల్చి చెప్పింది.

అపోహ: ఇది అధికారుల వ్యవహారం, ప్రజలకు పాత్ర లేదు.

వాస్తవం: ముసాయిదాను ప్రకటించి, నిర్ణీత గడువులోగా అభ్యంతరాలు, సూచనలు స్వీకరించి, వాటిని పరిశీలించిన తర్వాతే ప్రణాళికను ప్రభుత్వం ఖరారు చేయాలని చట్టం నిర్దేశిస్తోంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ఇంకా ముందుకు వెళ్లింది. పట్టణ ప్రణాళికను పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాల జాబితాలో మొట్టమొదట చేర్చడమే కాక, మహానగర ప్రణాళికా సంఘంలో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులు స్థానిక సంస్థల ప్రతినిధుల నుంచి ఎన్నికైనవారై ఉండాలని 243జెడ్ఈ అధికరణంలో శాసించింది. ఆచరణలో ప్రణాళికా రచన ఇప్పటికీ ప్రధానంగా ప్రభుత్వాలు నియమించిన అభివృద్ధి సంస్థల చేతుల్లోనే సాగుతోంది. అది సరిదిద్దవలసిన లోపమే గాని పౌరులు తమ హక్కును వదులుకోవడానికి కారణం కాదు.

అపోహ: నాలా కన్వర్షన్ ఉంటే ఏదైనా కట్టుకోవచ్చు.

వాస్తవం: నాలా మార్పిడి వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా రెవెన్యూ రికార్డుల్లో నమోదు చేసే ప్రక్రియ. అది మాస్టర్ ప్లాన్ మండలాన్ని మార్చదు. రెవెన్యూ పత్రం చేతిలో ఉన్నా, ఆ సర్వే నంబరు పరిరక్షణ మండలంలో ఉంటే లేఅవుట్‌కు అనుమతి రాదు. అందుకే కొనుగోలుకు ముందు అభివృద్ధి సంస్థ నుంచి భూవినియోగ ధ్రువపత్రం తీసుకోవడం తప్పనిసరి.

అపోహ: ఒకసారి ఖరారైన ప్రణాళిక ఇక మారదు.

వాస్తవం: హైదరాబాద్ విస్తరిత ప్రాంతానికి 2031ని లక్ష్య సంవత్సరంగా పెట్టుకొని 2013 జనవరిలో నోటిఫై చేసిన ప్రణాళికైనా, మరేదైనా, చట్టం అనుమతించిన పద్ధతిలో మారుతుంది. భూవినియోగ మార్పు కోరుతూ యజమాని దరఖాస్తు చేసుకోవచ్చు, ప్రభుత్వమూ స్వయంగా సవరణ తేవచ్చు. 111వ ఉత్తర్వు ఆంక్షలను సడలిస్తూ 2022లో మరో ఉత్తర్వు వచ్చింది. ప్రమాదం మార్పులో లేదు, సమగ్ర సమీక్ష లేకుండా సర్వే నంబరు తర్వాత సర్వే నంబరుగా జరిగే మార్పులలో ఉంది. విడిగా చూస్తే చిన్నవిగా తోచే ఇటువంటి మినహాయింపులన్నీ కలిసినప్పుడు నీటి సరఫరా, మురుగు కాలువల లెక్కలు తప్పుతాయి.

అపోహ: మంచి ప్రణాళిక ఉంటే నగరం దానంతట అదే బాగుపడుతుంది.

వాస్తవం: బృహత్ ప్రణాళిక దిశను మాత్రమే నిర్ణయిస్తుంది. దాన్ని పేటల స్థాయి ప్రణాళికలుగా, వార్షిక బడ్జెట్ కేటాయింపులుగా విడగొట్టనంత కాలం పటంలోని వంద అడుగుల రోడ్డు కాగితం మీదే మిగిలిపోతుంది, ఉద్యానానికి కేటాయించిన స్థలం ఆక్రమణల పాలవుతుంది.

బృహత్ ప్రణాళిక యజమానినే కాదు, ప్రభుత్వాన్నీ కట్టిపడేసే ఉమ్మడి ఒప్పందం. దాన్ని అనుమతుల కోసం తిరిగే కాగితంగా చూసినంత కాలం అది బలవంతులకే ఉపయోగపడుతుంది. కాబట్టి ముసాయిదా వెలువడిన నాడే ప్రతి పౌరుడూ తన సర్వే నంబరును, తన ఊరి చెరువును, తన వీధి మీదుగా ప్రతిపాదించిన రోడ్డును పటంలో వెదికి చూసుకోవాలి, అభ్యంతరం ఉంటే గడువులోగా రాతపూర్వకంగా తెలపాలి. ప్రణాళిక ఖరారయ్యాక చేసే పోరాటం కన్నా ముసాయిదా దశలో పెట్టే ఒక్క అర్జీకి ఎక్కువ బలం ఉంటుంది.