డిస్కులు కలిస్తే చోటు పెరుగుతుంది... మరి భద్రత?

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, ఇంటి ఫొటోలన్నీ అందులో దాచుకునేవాళ్లు మా స్నేహితుల్లో చాలామందే ఉన్నారు. ఒక డిస్కు నిండుతుంది, ఇంకోటి కొంటారు. అక్కడే చిక్కు మొదలు! పెళ్లి వీడియోలు సగం ఇందులో, సగం అందులో. ఏది ఎక్కడుందో వెతుక్కోవడమే పని.

దీనికి లినక్స్‌లో చక్కటి ఉపాయం ఉంది. పేరు లాజికల్ వాల్యూమ్ మేనేజర్, అంటే ఎల్‌వీఎం. 1998లో హైన్జ్ మౌల్స్‌హాగన్ దీన్ని లినక్స్ కోసం రాశారు. సంగతి సింపులే. నాలుగు పొలాల ధాన్యం ఒకే గాదెలో పోసినట్టు, డిస్కులన్నిటినీ ఒక ‘వాల్యూమ్ గ్రూపు’లో చేరుస్తాం. అందులోంచి కావలసినంత కొలిచి ‘లాజికల్ వాల్యూమ్’లుగా తీసుకుంటాం. ఆ కొలతకి ఎక్స్‌టెంట్ అని పేరు. మామూలుగా ఒక్కోటీ 4 ఎంబీ ఉంటుంది.

చోటు చాలలేదా? కొత్త డిస్కుని గ్రూపులో కలిపి ‘ఎల్‌వీఎక్స్‌టెండ్’ కమాండు ఇస్తే సరి. డిస్కు ముసలిదైందా? ‘పీవీమూవ్’ అందులోని డేటాని మిగతా డిస్కుల్లోని ఖాళీలోకి మోసేస్తుంది. ఒక జాగ్రత్త: గ్రూపులో చేర్చే డిస్కు ఖాళీదై ఉండాలి. ఇంకోటి, వాల్యూమ్‌ని పెంచడం తేలిక, కుదించడమే కష్టం. అందుకే ఉన్న చోటంతా మొదటే పంచేయకండి.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. గ్రూపు కట్టామంటే డేటా భద్రమైపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు! మామూలు పద్ధతిలో ప్రతి ఫైలూ ఒక్కసారే రాస్తుంది, కాపీ ఉండదు. రెండు డిస్కుల మీద పరుచుకున్న వాల్యూమ్‌లో ఒకటి పోతే, బాగున్న డిస్కులోని ఫొటోలు తీయడం కూడా గగనమే.

అందుకే నేను విలువని బట్టి గ్రూపులు కట్టమంటాను. సినిమాలు, డౌన్‌లోడ్లు ఒక గ్రూపు. పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. తాతయ్య ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు ఇంకో గ్రూపు. ఇందులో రెండు డిస్కులు పెట్టి, ‘రెయిడ్ 1’ రకం వాల్యూమ్ చేస్తే ప్రతిదీ రెండింట్లోనూ ఉంటుంది.

అలాగని నిశ్చింతగా ఉండొద్దు. పొరపాటున డిలీట్ నొక్కితే రెండింట్లోనూ పోతుంది. కాబట్టి విడి డిస్కులో మరో కాపీ తీసి, అక్క ఇంట్లోనో బాబాయ్ ఇంట్లోనో ఉంచండి. సినిమా మళ్లీ దొరుకుతుంది, తాతయ్య ఫొటో దొరకదు.