మోల్: తూకముతో చేసే లెక్క

విరేచనములతో నీరసించిన పసిబిడ్డకు త్రాగించుటకై ఆరోగ్య కేంద్రములలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఎరుగనివారు నేడు అరుదు. లీటరు నీటిలో కలుపవలసిన ఆ పొట్లములో 20.5 గ్రాముల పొడి ఉండును. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు, పొటాసియం క్లోరైడు 1.5 గ్రాములు. ఈ అంకెలు చూచిన విద్యార్థికి, ఇది కొద్దిగా ఉప్పు చేర్చిన తీపిపొడి మాత్రమే అని తోచును. కాని కొన్ని పొట్లములపై ఇదే వివరము మిల్లీమోల్‌లలో కూడ అచ్చువేసి ఉండును. మోల్‌లో వెయ్యవ వంతు మిల్లీమోల్. అక్కడ చూడగా లీటరు ద్రావణములో సోడియం 75, గ్లూకోజు 75! గ్రాములలో అంత తేడాగా కనిపించినవి మోల్‌లలో సరిసమానమైనవి. ఈ రెండు లెక్కలలో ఏది నిజము? రెండును నిజమే. మొదటిది త్రాసు చెప్పే మాట, రెండవది ప్రేవులకు తెలిసే మాట.

చిన్న ప్రేవు గోడలలో ఒక విధమైన ప్రోటీను ఉన్నది. అది సోడియం అయానులను, గ్లూకోజు అణువులను జతపరచి లోనికి చేరవేయును. వాటి వెంట నీరును లోనికి పోవును. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించెను. కలరా వంటి వ్యాధిలో సైతము ఈ ద్వారము చాలవరకు మూతపడదు. పోయిన నీటిని నోటి ద్వారానే తిరిగి శరీరమునకు ఇయ్యగలుగుటకు కారణమిదే. అయితే ఆ ప్రోటీనుకు గ్రాములతో పని లేదు. దానికి కావలసినది కణముల సంఖ్య. ఎన్ని సోడియం అయానులు, ఎన్ని గ్లూకోజు అణువులు అనునదే అచ్చట ప్రశ్న. కనుక పొట్లము తయారుచేయువారు కణములను లెక్కించవలెను. కంటికి కనిపించని, చేతికి దొరకని కణములను లెక్కించుట ఎట్లు?

దీనికి సమాధానము గింజలతో చెప్పవచ్చును. పూర్వము కంసాలులు బంగారమును గురివింద గింజల ఎత్తుతో తూచెడివారు. ఒక గింజకును మరొక గింజకును తూకములో హెచ్చు తేడా ఉండదని వారి నమ్మకము. ఒక చింతపిక్క ఒక గురివింద గింజకు ఆరు రెట్లు బరువు అనుకొందము. ఒక సంచిలో కిలో గురివిందలు, మరొక సంచిలో ఆరు కిలోల చింతపిక్కలు పోసినచో, రెండు సంచులలోని గింజల సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్య ఎంత? తెలియదు. తెలియనక్కర కూడ లేదు. గింజ బరువుల నిష్పత్తి తెలిసిన చాలును, ఒక్క గింజనైనను లెక్కించకయే సమాన సంఖ్యలను కొలిచి ఇయ్యవచ్చును.

పరమాణుభారములు అట్టి నిష్పత్తులే. కర్బన పరమాణువు ఉదజని పరమాణువుకు ఇంచుమించు 12 రెట్లు బరువు, ఆమ్లజని పరమాణువు 16 రెట్లు. కనుక ఒక గ్రాము ఉదజనిలోను, 12 గ్రాముల కర్బనములోను, 16 గ్రాముల ఆమ్లజనిలోను ఉన్న పరమాణువుల సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్యకు సరిపడు పదార్థమే ఒక మోల్. అణువులకును ఇదే పద్ధతి. గ్లూకోజు అణుభారము 180 కనుక 180 గ్రాముల గ్లూకోజు ఒక మోల్.

తరగతిలో చాలామంది బోధకులు మోల్ పాఠమును 6.022 × 10²³ అను సంఖ్యతో ఆరంభింతురు. ఆ మహాసంఖ్యను చూచి విద్యార్థి జంకును, లేదా కంఠస్థము చేసి ఊరకుండును. సంఖ్య తరువాత రావచ్చును. ముందు రావలసినది సంచుల సంగతి. చరిత్రలో జరిగినదియు అట్లే.

అయితే ఆ నిష్పత్తులు కుదురుటకే రసాయన శాస్త్రజ్ఞులకు అర్ధ శతాబ్ది పట్టినది. నీటిలో ఒక గ్రాము ఉదజనితో 8 గ్రాముల ఆమ్లజని కూడియుండును. నీటి కణములో రెండును ఒక్కొక్కటి చొప్పున ఉన్నవని డాల్టన్ తలచెను. అది నిజమైనచో ఆమ్లజని పరమాణుభారము 8 కావలెను. ఉదజని పరమాణువులు రెండు ఉన్నచో 16 కావలెను. ఏది సరి? 1811లో ఇటలీ దేశీయుడైన అవగాడ్రో దారి చూపెను. సమాన ఉష్ణోగ్రతా పీడనముల వద్ద సమాన ఘనపరిమాణములు గల వాయువులలో అణువుల సంఖ్య సమానమనియు, ఉదజని, ఆమ్లజని వంటి మూలక వాయువుల అణువులు సైతము చీలగలవనియు ఆయన చెప్పెను. ఒకే జాతి పరమాణువులు రెండు కలిసి ఉండుననుట డాల్టన్‌కు నచ్చలేదు. తక్కినవారును పెద్దగా చెవిని పెట్టలేదు. ఫలితముగా గందరగోళము పెరిగినది. 1861లో కెకూలే తన గ్రంథములో ఒక్క ఎసిటికామ్లమునకే అప్పటికి వాడుకలో ఉన్న 19 సంకేతములను పట్టికగా ఇచ్చెనన్నచో పరిస్థితి ఊహించుకొనవచ్చును.

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో రసాయనజ్ఞులు సమావేశమైరి. కానిజారో అచ్చట అవగాడ్రో పక్షమున వాదించెను. పరమాణుభారములను నిర్ణయించు విధమును వివరించిన ఆయన చిన్న పుస్తకమును సభ ముగియునప్పుడు పంచిపెట్టిరి. అవగాడ్రో అప్పటికి నాలుగేండ్ల క్రితమే మరణించెను. ఆ సభకు వచ్చిన యువకులలో మెండలీవ్ ఒకడు. కుదిరిన పరమాణుభారములే తొమ్మిదేండ్లకు ఆయన ఆవర్తన పట్టికకు ఆధారమైనవి.

ఇదంతయు గతించిన కథ కాదు. ‘ఒక మోల్ ఆమ్లజని బరువెంత?’ అని అడిగినచో తరగతిలో సగము మంది 16 గ్రాములనియు, సగము మంది 32 గ్రాములనియు చెప్పుదురు. ప్రశ్నలోనే లోపమున్నది. పరమాణువులా, అణువులా అని చెప్పకుండ మోల్ అనుట, ఏ వస్తువో చెప్పకుండ డజను ఇమ్మని అడిగినట్లు. యాభై ఏండ్లు పండితులను తికమక పెట్టినదియు ఈ పరమాణువు, అణువు భేదమే కనుక, పిల్లవాడు పొరబడుటలో వింత లేదు.

ఇంకొక వింత గలదు. మోల్ అను పేరును పందొమ్మిదవ శతాబ్ది చివర వాడుకలోనికి తెచ్చిన ఆస్ట్‌వాల్డ్ అప్పటికి పరమాణువులు ఉన్నవని నమ్మినవాడు కాడు! సంచులు చాలును, గింజలు ఉన్నను లేకున్నను పని జరుగునని ఆయన భావము. గింజలు ఉన్నవని నిరూపించి వాటిని లెక్కించినవాడు ఫ్రాన్సు దేశపు పెర్రిన్. ఒక చెట్టు జిగురు నుండి తీసిన సూక్ష్మమైన రేణువులను నీటిలో వదలి, ఎత్తు పెరిగినకొలది అవి ఎట్లు పలుచనగునో సూక్ష్మదర్శినితో లెక్కించి, ఒక మోల్‌లోని కణముల సంఖ్యను రాబట్టెను. దానికి అవగాడ్రో పేరు పెట్టినవాడును ఆయనయే. 1926లో పెర్రిన్‌కు నోబెల్ బహుమానము లభించినది.

తరువాతి కాలములో శుద్ధమైన సిలికాన్ స్ఫటికముతో ఇంచుమించు కిలో బరువు, 94 మిల్లీమీటర్ల వ్యాసము గల గోళములను చేసి, వాటిలోని పరమాణువులను ఎక్స్-కిరణముల సాయమున గణించిరి. 2019 మే 20 నుండి మోల్ నిర్వచనమే మారినది. 6.02214076 × 10²³ కణములు గలది ఒక మోల్. ఈ సంఖ్య ఇక ప్రయోగముతో మారదు. 12 గ్రాముల కర్బనము-12 అను పాత నిర్వచనము పాత పుస్తకములలో కనిపించును. బడి లెక్కలలో ఈ మార్పు వలన తేడా ఏమియు రాదు.

ఇక పొట్లము లెక్క సరిచూతము. గ్రాములను అణుభారముతో భాగించిన మోల్‌లు వచ్చును. గ్లూకోజు: 13.5 ÷ 180 = 0.075, అనగా 75 మిల్లీమోల్‌లు. ఉప్పు: 2.6 ÷ 58.5, ఇంచుమించు 44 మిల్లీమోల్‌లు. మరి సోడియం 75 ఎట్లైనది? మిగిలినది సిట్రేటు నుండి వచ్చును. పొట్లములోని సిట్రేటు రెండు నీటి అణువులను కూర్చుకొన్న స్ఫటికము. సంకేత భారము 294. 2.9 ÷ 294, దాదాపు 10 మిల్లీమోల్‌లు. కాని ఒక్కొక్క సిట్రేటుకు మూడేసి సోడియం అయానులు; కనుక 30. నలుబదినాలుగును ముప్పదియు కలిసి 74. పొట్లముపై అచ్చువేసిన 75కు ఇది చాల దగ్గర. మూడుతో గుణించుట మరచినవాడు మోల్‌ను ఇంకను గ్రహించలేదన్నమాట.

1975 నుండి వాడిన పాత పొట్లములో సోడియం 90, గ్లూకోజు 111, అన్ని కణములును కలిసి లీటరుకు 311 మిల్లీమోల్‌లు ఉండెడివి. 2002లో దానిని 245కు తగ్గించిరి. ద్రావణములో కరిగిన కణములు మితిమీరినచో నీరు ప్రేవులలోనికే లాగబడును. ఈ లాగుడు కణముల బరువును బట్టి గాక సంఖ్యను బట్టి ఉండును.

రసాయన సమీకరణములోని అంకెలును మోల్‌లే, గ్రాములు కావు. రెండు మోల్‌ల ఉదజని, ఒక మోల్ ఆమ్లజనితో కూడి రెండు మోల్‌ల నీరగును. 10 గ్రాముల ఉదజనిని, 10 గ్రాముల ఆమ్లజనిని ఒక పాత్రలో చేర్చి మండించినచో నీరెంత? 20 గ్రాములనుట తొందరపాటు. ఆమ్లజని 10 ÷ 32 = 0.3125 మోల్. దానికి కావలసిన ఉదజని 0.625 మోల్, అనగా 1.25 గ్రాములే. నీరు 0.625 × 18 = 11.25 గ్రాములు. మిగిలిన 8.75 గ్రాముల ఉదజని వృథాగా నిలిచిపోవును.

వాయువుల విషయములో ఒక హెచ్చరిక. ఒక మోల్ వాయువు 22.4 లీటర్లని కొన్ని పుస్తకములు, 22.7 అని కొన్ని పుస్తకములు వ్రాయును. సున్న డిగ్రీల వద్ద ఒక అట్మాస్ఫియర్ పీడనమునకు మొదటిది, ఒక బార్ పీడనమునకు రెండవది సరి. ఏ పీడనమో చెప్పని ప్రశ్నకు మార్కులు తగ్గించుట న్యాయము కాదు.

పొట్లము దొరకని ఊరిలో లీటరు శుభ్రమైన నీటికి తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పుదురు. ఇక్కడి చెంచా టీ చెంచా. పంచదార అణుభారము 342. అది ప్రేవులలో విడిపోయి ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు అగును. అందుచేత 75 మిల్లీమోల్‌ల గ్లూకోజునకు 0.075 × 342, అనగా ఇంచుమించు 25.7 గ్రాముల పంచదార కావలెను. బడిలోని త్రాసులో ఆరు చెంచాల పంచదారను తూచి చూచినచో ఈ అంకెకు ఎంత దగ్గరగా వచ్చునో విద్యార్థులే తెలిసికొనవచ్చును.