కర్టెన్ కొనే ముందు కిటికీ ఏ దిక్కుకుందో చూడండి

ఎండాకాలం సాయంత్రం నాలుగింటికి పడమటి గదిలోకి వెళ్లి చూడండి. ఏసీ 24 మీద పెట్టినా గది ఓ పట్టాన చల్లబడదు. వెంటనే ఫోన్ తీసి ‘థర్మల్ కర్టెన్స్’ అని వెతుకుతాం. కరెంటు బిల్లు సగానికి సగం తగ్గుతుందని ఊరించే ప్రకటనలు వరసగా కనిపిస్తాయి. ఆర్డర్ కొట్టే ముందు ఓ చిన్న లెక్క వేసుకుందాం. ఏం కొనాలో మీకే తెలిసిపోతుంది.

కిటికీలో ఇస్త్రీ పెట్టె

పడమటి వైపు 16 చదరపు అడుగుల మామూలు అద్దం ఉందనుకోండి. అంటే సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. నేరుగా ఎండ పడే సమయంలో దానిలోంచి దాదాపు 700 వాట్ల వేడి లోపలికి వస్తుంది. చిన్న ఇస్త్రీ పెట్టెను ఆన్ చేసి గదిలో వదిలేసినట్టే! ఎండలో నిలిపిన కారు ఎందుకు కాలిపోతుందో ఇక్కడా అదే జరుగుతుంది. అద్దం వెలుగును లోపలికి రానిస్తుంది. ఆ వెలుగు మంచాన్నీ గచ్చునూ వేడెక్కిస్తుంది. వాటి నుంచి వచ్చే సెగను మాత్రం అద్దం అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు.

అందుకే కర్టెన్ ఎంత మందంగా ఉందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఎండను ఎక్కడ ఆపుతున్నాం అన్నది మొదటి ప్రశ్న.

అన్ని కిటికీలకూ అక్కర్లేదు

హైదరాబాద్‌లో మే రెండో వారం ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నీడ మాయమయ్యే ‘జీరో షాడో డే’ రీల్స్ చూసే ఉంటారు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడన్నమాట. కాబట్టి మండు వేసవిలో దక్షిణం కిటికీలోంచి నేరుగా ఎండ రావడం చాలా తక్కువ. తూర్పు కిటికీకి పొద్దున ఎండ. అప్పటికింకా గోడలు చల్లగానే ఉంటాయి. అసలు బాధ పడమటి కిటికీతోనే. ఇల్లంతా వేడెక్కి ఉన్న వేళ ఎండ ఏటవాలుగా లోపలికి దూసుకొస్తుంది. బడ్జెట్ తక్కువైతే మొత్తం దానికే పెట్టండి.

బయట ఆపితేనే లాభం

కర్టెన్ లోపల ఉంటే ఎండ అప్పటికే అద్దం దాటేసి ఉంటుంది. అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్కల ప్రకారం, వెనక తెల్లటి ప్లాస్టిక్ పొర ఉన్న కర్టెన్ వేడిని 33 శాతం దాకా తగ్గిస్తుంది. బాగా మెరిసే బ్లైండ్స్‌ను పూర్తిగా మూస్తే 45 శాతం వరకు. అదే కిటికీ బయట గుడారంలా దించే నీడ పట్టా అయితే, పడమటి వైపు 77 శాతం వరకు. తేడా చూశారుగా!

మన దగ్గర ఆ పని చేసేవి చవగ్గానే దొరుకుతాయి. బాల్కనీకి వెదురు బ్లైండ్, లేదా నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్. నెట్ 50, 75, 90 శాతం నీడ రకాల్లో వస్తుంది. పడమటికి 75 తీసుకోండి. అద్దె ఇల్లయినా ఫర్వాలేదు, డ్రిల్ అవసరం లేదు. గ్రిల్‌కు ప్లాస్టిక్ ట్యాగులతో గట్టిగా బిగిస్తే చాలు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ చుట్టూ మాత్రం కప్పేయకండి. దానికి గాలి ఆడకపోతే కరెంటు ఇంకా ఎక్కువ తింటుంది.

వట్టివేళ్ల తెరలు పెద్దవాళ్లు వాడేవారు. పొడి గాలి వీచే తెలంగాణ, రాయలసీమ ఎండల్లో నీళ్లు చల్లితే బాగా పనిచేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అంత ఫలితం ఉండదు.

షాపులో ఏం చూడాలి?

లోపలికి కర్టెనే కావాలంటే ముందు దాన్ని తిరగేసి చూడండి. అద్దం వైపు ఉండేది తెల్లగానో వెండిరంగులోనో ఉండాలి. గది వైపు మీకు నచ్చిన రంగు పెట్టుకోండి. ‘బ్లాకవుట్’ అంటే వెలుగు రాదనే అర్థం, వేడి రాదని కాదు. రెండు వైపులా ముదురు రంగున్న బ్లాకవుట్ ఎండను పీల్చుకుని, ఆ వేడిని గదిలోకే వదులుతుంది. కర్టెన్ కిటికీ కంటే రెండు పక్కలా నాలుగైదు అంగుళాలు వెడల్పుగా, గోడకు దగ్గరగా ఉండాలి. ఎండ పడక ముందే, అంటే మధ్యాహ్నం రెండింటికల్లా మూసేయండి. పొద్దుపోయి బయట చల్లబడ్డాక అన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి.

బిల్లు ఎంత తగ్గుతుంది?

ఆ పడమటి అద్దంలోంచి రోజుకు రెండు యూనిట్లకు సమానమైన వేడి వస్తుందనుకుందాం. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది. అంటే నెలకు 20 యూనిట్ల ఖర్చు. మంచి కర్టెన్‌తో అందులో ఆరేడు, బయటి నీడతో 15 దాకా మిగలొచ్చు. స్లాబ్ మారే అంచున ఉన్నవాళ్లకు ఇది బాగానే కలిసొస్తుంది. కానీ ఒక్క కిటికీతో ‘బిల్లు సగం’ అన్న మాట ఈ లెక్కలో ఎక్కడా లేదు. వేలు పోసి మోటారు బ్లైండ్స్ పెట్టిస్తే, ఆ డబ్బు కరెంటు బిల్లులో తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

పై అంతస్తులో, ఏసీ లేని గదిలో అమ్మమ్మో తాతయ్యో పడుకునే ఇల్లయితే మాత్రం యూనిట్లు లెక్కపెట్టకండి. వాళ్ల కిటికీకి ఈ ఆదివారమే షేడ్ నెట్ కట్టేయండి.