టులెట్ బోర్డు మీద రాయనివి

హాస్టల్ వదిలి సిటీలోకి మారదామనుకునే జూనియర్లు నన్ను అడిగే మొదటి మాట, "అద్దె ఎంతన్నా?" అని. అద్దెదేముంది, వాచ్‌మన్‌ని అడిగినా చెప్తాడు. అడిగితే తప్ప బయటికి రానివి వేరే ఉన్నాయి. నారాయణగూడలో ఏడాదిన్నరగా ముగ్గురం కలిసి ఉంటున్నాం కాబట్టి వాటి సంగతి చెప్తాను.

ఈ పేటే ఎందుకంటే, ఓపికుంటే కోఠీకీ అబిడ్స్‌కీ నడిచిపోవచ్చు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ. 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో స్టేషన్ కూడా ఉంది. మన క్లబ్బు వాళ్లకి ఇంకేం కావాలి! కాకపోతే పక్కనే అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్ల తాకిడి. ఇల్లు ఖాళీ అయిందంటే ఎవరో ఒకరు దిగిపోతారు, అందుకే ఓనరు చెప్పిందే వేదం.

ముందు అడగాల్సింది కరెంటు మీటరు గురించి. మన పోర్షన్‌కి విడిగా సర్వీస్ నంబరు ఉందా, ఓనరు మీటరుకే సబ్‌మీటరు తగిలించారా? ఇంటి కరెంటుకి స్లాబులుంటాయి, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుంది. రెండిళ్లు ఒకే మీటరు మీద ఉంటే అందరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి ఎక్కుతాయి. మనం ఒక ఫ్యాను, రెండు లైట్లు వేసుకుని, కింద వాళ్ల ఏసీ పుణ్యాన పెరిగిన రేటు కడతాం. ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకరు డబ్బులు మెయింటెనెన్స్‌లోనా, విడిగానా అన్నది ఓనర్ని కాదు, ఎదురు ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లని అడగండి.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోడానికి దేశమంతా పట్టిన అలవాటిది. తమాషా ఏంటంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సెక్షన్‌ని సవరించి, గడువుతో పని లేకుండా లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ కావాలన్నారు. అయినా స్టాంపు పేపరు, నోటరీ, 11 నెలలు అలాగే నడుస్తున్నాయి. సంతకం పెట్టేముందు మూడు లైన్లు మాత్రం చదవండి: అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు. ఇక్కడ అడ్వాన్స్ మామూలుగా రెండు నెలల అద్దె. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్లకి అంతకు మించొద్దంటుంది గానీ, రాష్ట్రాలు ఆమోదిస్తేనే అది అమల్లోకొస్తుంది.

ఇక వాళ్లు మనల్ని అడిగేవి. "బ్యాచిలర్లా?" మొదటిది. "నాన్‌వెజ్ వండుతారా?" రెండోది. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఇంటిపేరేంటి బాబూ?" ఆ ప్రశ్నలో ఏం అడుగుతున్నారో తెలియనివాళ్లు మనలో లేరు. మా రూమ్మేట్ ఒకడు ఇంటిపేరు చెప్పగానే, "అయ్యో, నిన్ననే ఎవరో టోకెన్ ఇచ్చారు" అన్నారు. పై ఆదివారం కూడా ఆ గేటుకి టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. వాడేమీ అనలేదు, ఆ వీధిలోంచి నడవడం మానేశాడు. అప్పట్నుంచి ఒక్కళ్లకి కాదంటే ముగ్గురం వద్దనుకునేవాళ్లం. అలా నాలుగిళ్లు పోయాయి. ఇప్పుడున్న ఇంటి ఓనరాంటీ అడిగింది ఒక్కటే, "మోటారు ఆపడం మర్చిపోరుగా?"

తాళాలు చేతికొచ్చిన రోజే గోడలు, కుళాయిలు, మీటరు రీడింగ్ ఫోటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పెట్టేయండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ లెక్క వాటి దగ్గరే తేలుతుంది. మా బాత్రూంలో ఒక టైలు మేం దిగేముందే పగిలి ఉంది. దానివి రెండు ఫోటోలు తీశాను, ఒకటి దగ్గర్నుంచి, ఒకటి దూరం నుంచి.