గడ్డం తొండ తిండి మానేసిందా? ముందు వేడి చూడండి

పేరు బేర్డెడ్ డ్రాగన్. చూడటానికి మాత్రం మూరెడు పొడవున్న తొండ. మన చేన్ల గట్ల మీద తల ఊపే తొండదీ దీనిదీ ఒకటే కుటుంబం. దీని సొంతగడ్డ మధ్య ఆస్ట్రేలియా. సోషల్ మీడియాలో వీడియోలు చూసి సిటీలో కొనేవాళ్లు ఉన్నారు. కొన్నాక ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒక్కటే, "ఏం తింటలేదు" అని.

కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారం, రెండు వారాలు తక్కువ తినడం మామూలే. కుబుసం విడిచేటప్పుడు కూడా అంతే. ఆ తర్వాత కూడా తినకపోతే థర్మామీటర్ తీయాలి. ఈ జీవికి ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. గూటిలో ఒక మూల 38 నుంచి 42 డిగ్రీలు, ఇంకో మూల 25 నుంచి 28 ఉండాలి. వేడి చాలకపోతే తిన్నది అరగదు, అందుకే తిననంటుంది. అలాంటప్పుడు నోరు తెరిచి బలవంతంగా పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ముందు వేడి, తర్వాతే తిండి.

"ఎడారి జీవి కదా, టేకుమట్ల ఎండలు దానికి లెక్కేంటి" అనుకోవద్దు. అడవిలో ఎండ ముదిరితే అది బొరియలోకి పోతుంది. రేకుల ఇంట్లో అద్దాల పెట్టెలో ఉన్నదానికి ఆ దారి లేదు. మే నెలలో నీడ, గాలి లేకపోతే ఒక్క మధ్యాహ్నంలోనే ప్రాణం పోవచ్చు. డిసెంబర్, జనవరి రాత్రుల చలి ఇంకో సమస్య. ఏడాది దాటినవి ఆ రోజుల్లో మందకొడిగా పడుకొని తిండి తగ్గించడం సహజమే, కానీ బరువు పెద్దగా తగ్గకూడదు. పిల్ల తొండ తినకుండా పడుకుంటే అది జబ్బే.

రెండోది యూవీబీ వెలుగు. అది లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారు కాదు, క్యాల్షియం ఎముకలకు పట్టదు. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, నమలలేక తిండి వదిలేస్తుంది. కిటికీ అద్దం వెనక ఎండలో పెడితే లాభం లేదు, యూవీబీని అద్దం ఆపేస్తుంది. దానికి ప్రత్యేకమైన ట్యూబ్‌లైట్ కావాలి. వెలుగుతున్నా సరే, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. జంతువు ధర ఒక్కసారిదే, ఈ ఖర్చు ఏటా ఉంటుంది. కొనేముందు వేసుకోవాల్సిన లెక్క ఇది.

తిండి సంగతికొస్తే, చిన్నప్పుడు ఎక్కువగా పురుగులు, పెద్దయ్యాక ఎక్కువగా ఆకులు. గుమ్మడి, మునగాకు, మల్బరీ ఆకు, మందార పూలు పెట్టొచ్చు. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు క్యాల్షియంను కట్టేస్తాయి. పురుగు సైజు దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు, లేదంటే కడుపులో అడ్డం పడుతుంది. పత్తి, మిర్చి చేన్లలో పట్టిన మిడతలు అస్సలు పెట్టొద్దు, వాటి మీద పురుగుమందు ఉంటుంది. మిణుగురు ఇంకా ప్రమాదం. అమెరికాలో మిణుగురులు తిని ఈ తొండలు చనిపోయిన కేసులు నమోదయ్యాయి.

ఆడది మగ తోడు లేకున్నా గుడ్లు పెట్టగలదు. తిండి మాని మట్టి తవ్వుతుంటే తడి ఇసుక మట్టి ఉన్న డబ్బా పెట్టాలి. గుడ్లు లోపలే ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా పోతుంది.

ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే అసలు తేవద్దు. ఆరోగ్యంగా కనిపించే తొండ నుంచి కూడా సాల్మొనెల్లా రావొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు. ఇంకో మాట: ఇది దొరకలేదని అడవి నుంచి ఉడుమును పట్టి తెస్తే జైలే. 1972 వన్యప్రాణి చట్టంలో అది షెడ్యూల్ 1 జీవి.

బేజుబాన్ జీవి, నొప్పి ఎక్కడో చెప్పలేదు. కళ్లు లోపలికి పోయినా, తోక మొదలు సన్నబడినా, నోట్లో చీము కనిపించినా, విరేచనాలు ఆగకున్నా ఆగొద్దు. మండల పశువైద్యశాలలో రోజూ చూసేది బర్రెలు, మేకలు, కోళ్లనే. అందుకని వరంగల్ మామునూరు లేదా హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి ముందే ఫోన్ చేసి, సరీసృపాలను చూసే డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కోవాలి. వెళ్లేటప్పుడు గాలి రంధ్రాలున్న డబ్బాలో గుడ్డ పరిచి, చలికాలమైతే గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన పెట్టాలి. వారంవారం తూచిన బరువుల చీటీ, గూటి ఫోటో, తాజా పెంట కొంచెం చిన్న డబ్బాలో పట్టుకుపోతే కడుపులో పురుగులున్నాయా అన్నది అక్కడే పరీక్ష చేసి చూడొచ్చు.